గోళ్ల పని నేర్చిన యువతికి తొలి సంవత్సరము

మండల కేంద్రములో బస్సు దిగి నాలుగడుగులు నడచినచో, మందుల దుకాణమునకును సెల్‌ఫోన్ల మరమ్మతు దుకాణమునకును నడుమ ఒక చిన్న గది కనబడును. తలుపునకు క్రొత్త రంగు. లోపల ఒక అద్దము, రెండు కుర్చీలు, ఒక బల్ల, బల్లపై దీపము, వరుసగా రంగుసీసాలు. పైనున్న బోర్డుపై "గోళ్ల అలంకరణ, మెహందీ" అని వ్రాసియుండును. సమీప గ్రామమునుండి వెళ్లి శిక్షణ పొందివచ్చిన యువతి దానిని ఏ శ్రావణమాసములోనో ప్రారంభించినది. దసరా వెళ్లి కార్తికము వచ్చునప్పటికి ఆ తలుపునకు తాళము పడియుండును. ఏమైనదని అడిగినచో, "బేరాలు లేవండి, మానేసింది" అని ప్రక్క దుకాణమువారు చెప్పుదురు. అంతటితో ఆ కథ ముగిసినట్లు అందరును భావింతురు.

ఇట్టి సందర్భములలో గ్రామమున మూడు విధములైన మాటలు వినబడును. ఆమెకు పని సరిగా రాదని కొందరు, ఇట్టి విలాసములకు మన ప్రాంతము తగదని కొందరు, ఆడపిల్లకు దుకాణమెందుకని మరికొందరు. వీనిలో ఒకటి నిజము కావచ్చును. కాని పెక్కు సందర్భములలో మూడును నిజము కావు. ఆ వృత్తి ఎంత వేగముతో పెరుగగలదో అంత వేగముతోనే పెరుగుచుండగా, ఆ సంగతి తెలియక ఆమె తలుపు మూసినది. దరఖాస్తుపై సంతకము చేసిన వార్డు సభ్యునకుగాని, అప్పు ఇప్పించిన మహిళా సంఘమునకుగాని, ఇంటివారికిగాని ఆ సంగతి తెలియదు. శిక్షణాలయములో పని నేర్పుదురు. ఖాళీ కుర్చీ ఎదుట ఆరునెలలు కూర్చుండుట ఎట్లో నేర్పువారు తక్కువ. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయమును కొంత వివరముగా తెలిసికొనుట మంచిది.

ఇది ఏమి పని?

గోళ్లకు రంగు వేయుట కూడ ఒక వృత్తియా అని పెద్దలు నవ్వుట సహజము. ఆ నవ్వువారి ఇండ్లలోనే ఆషాఢమాసమున గోరింటాకు నూరుదురు. పెండ్లికూతురి పాదములకు పారాణి పెట్టుదురు. పెండ్లికి ముందు గోళ్లు తీయు వేడుక జరుపుదురు. చేతులను, పాదములను అలంకరించుకొనుట మనకు క్రొత్త కాదు. దానిని అంగడిలో కూర్చుండి, వెల కట్టి చేయుట మాత్రమే క్రొత్త.

ఈ పనిలో గోళ్లను శుభ్రపరచి సమముగా అరగదీయుట, గోటి మొదట నుండు పలుచని చర్మమును గాయము కాకుండ సరిచేయుట, పాదముల పగుళ్లను నునుపు చేయుట మొదటి మెట్టు. రంగు వేయుట రెండవది. తరువాతిది జెల్ పాలిష్. ఇది మామూలు రంగువలె గాలికి ఆరదు. ప్రత్యేకమైన దీపపు కాంతి సోకినప్పుడే గట్టిపడును. మామూలు రంగు వారము దినములలో పెచ్చులూడగా ఇది రెండు మూడు వారములు నిలుచును. కృత్రిమమైన గోళ్లను అతికించుట, వానిపై సన్నని కుంచెతో చిత్రములు వేయుట పై మెట్టు. పెండ్లిండ్ల ముహూర్తములున్న మాసములలో ఈ పనికి గిరాకి కలదు. మండల కేంద్రములలోని బ్యూటీ పార్లరులలో ఇప్పుడు ఇది మామూలు పనియే.

వాడుక ఇండ్లు ఎట్లు ఏర్పడును?

పూర్వము గ్రామములో చేతివృత్తులవారు బేరముల కొరకు ఎదురుచూడ నవసరము లేకుండెను. క్షౌరవృత్తివారికి ఇన్ని ఇండ్లని ఏర్పాటు ఉండెడిది. కళ్లమువద్ద ధాన్యము కొలుచునప్పుడు వారి మేర వారికి ముట్టెడిది. తండ్రి చేసిన ఇండ్లే కుమారునకు సంక్రమించెడివి. ఆ పద్ధతిలో అన్యాయమును కలదు: మేర తక్కువైనను అడుగుటకు వీలులేదు, వృత్తి మార్చుకొనుటకును వీలులేదు. ఆ కట్టుబాటు సడలుట మేలే. కాని ఒక సంగతి మరువరాదు. ఆ వృత్తివానికి మొదటి దినముననే ఇండ్లు ఉండెడివి. నేడు గోళ్ల పని నేర్చిన యువతికి ఒక్క ఇల్లును లేదు. ప్రతి ఇంటిని ఆమెయే సంపాదించుకొనవలెను. అదియు, ఎవరును కట్టుబడియుండని ఇంటిని.

పాలు పోయువారికి "వాడుక" అను మాట కలదు. ఒకమారు పాలు కొన్నవారు వాడుక కారు. ప్రతిదినము చెంబు పట్టుకొని వచ్చువారే వాడుక. గోళ్ల పనిలోను అంతే. పండుగకు ఒకమారు వచ్చి వెళ్లినవారు బేరము; మరల వచ్చువారు వాడుక. బేరములతో అద్దె గడచును, వాడుకలతో వృత్తి నిలుచును. ఈ రెండింటిని కలిపి లెక్కించుటవలననే తొలి సంవత్సరములో సగము నిరుత్సాహము కలుగుచున్నది.

వాడుక ఎంత త్వరగా పెరుగగలదో నిర్ణయించునది దుకాణదారు కాదు, గోరు. ఆషాఢములో పెట్టుకొనిన గోరింటాకు ఎఱ్ఱదనము గోటి మొదలునుండి మెల్లగా పైకి జరుగుచు, క్రింద తెల్లని చంద్రవంక తేలుట స్త్రీలందరును చూచినదే. దీపావళినాటికి ఆ ఎఱుపు గోటి చివరకు చేరును. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. మొత్తము గోరు క్రొత్తదగుటకు ఇంచుమించు 6 నెలలు పట్టును. కాలిగోరు అందులో సగము వేగముతో పెరుగును. కాలి బొటనవ్రేలి గోరు పూర్తిగా మారుటకు 12 నుండి 18 నెలలు కావలెను. ఎంత ఇష్టపడి పని చేయించుకొనిన స్త్రీయైనను, మూడు నాలుగు వారములు గడువక మరల రాదు. వచ్చుటకు ఆమెకు అవసరమే లేదు.

దీనిని లెక్కగా చూతము. దినమునకు నలుగురు చొప్పున నెలకు 25 దినములు పని కావలెనన్న 100 మంది రావలెను. ఒక్కొక్కరు నెలకు ఒకమారు వత్తురనుకొన్నచో 100 వాడుకలు కావలెను. ఇక, ఎవరికిని తెలియని క్రొత్త దుకాణమునకు వారమునకు ఇద్దరు క్రొత్తవారు వచ్చి, వారిలో ఒకరు నిలిచిరనుకొందము. ఇది చెడ్డ లెక్క కాదు. అప్పుడు మూడు నెలలకు 13 వాడుకలు, ఆరునెలలకు 26, సంవత్సరాంతమునకు 52 మాత్రమే ఏర్పడును. అందులో కొందరు అత్తవారిండ్లకు పోవుదురు, కొందరు పట్టణమునకు పోవుదురు. మూడవ నెలలో వాడుకలు 13 మంది, క్రొత్తవారు 8 మంది, వెరసి 21 మంది. అనగా నెలలో కొన్ని దినములు ఒక్కరును రాకుండ గడచుట తప్పదు. ఆ యువతి తలుపు మూసినది సరిగా ఆ సమయముననే. ఆమె వృత్తి చెడలేదు. మూడు నెలల వయసుగల వృత్తి ఎట్లుండవలెనో అట్లే యున్నది.

ఈ లెక్కను ప్రారంభమునకు ముందే కాగితముపై వ్రాసి, ఆమెకును, ఆమె ఇంటివారికిని చూపినచో పెక్కు దుకాణములు మూతపడవని నా అభిప్రాయము. పైరు వేసిన రైతు ఇరువదవ దినమున కంకి లేదని విచారింపడు. పంట కాలము అతనికి తెలియును. ఈ పనికిని పంట కాలమొకటి కలదు. అది ఆరునెలలకు లోపల లేదు.

నోటు పుస్తకము

దినాంతమున గల్లాపెట్టెను చూచి మనసు నిలుపుకొనుట కష్టము. ఒకదినము ఐదువందలు, మరి మూడుదినములు సున్న. కావున ఆమె లెక్కింపవలసినది వేరొకటి ఉండవలెను. రెండు గళ్ల నోటు పుస్తకము చాలును. ఒక గడిలో క్రొత్తగా వచ్చినవారు, రెండవ గడిలో మరల వచ్చినవారు. నెల చివర రెండవ గడి గత నెలకంటె పెరిగినదా అనునదియే ప్రశ్న. మూడునుండి ఐదు అయినను అది పెరుగుదలయే. నేను గమనించినంతలో, దినపు రాబడిని లెక్కించువారు త్వరగా అలసిపోవుదురు. మరల వచ్చినవారిని లెక్కించువారు ఓపిక పట్టగలుగుదురు. మొదటి సంఖ్య ఆమె చేతిలో లేదు. రెండవది చాలవరకు ఆమె చేతిలోనే యున్నది.

ఆ పుస్తకములోనే ప్రతివారి పేరు, వచ్చిన తేది, వేసిన రంగు, ఏదైన మందువలన దురద కలిగినదా, ఇంట త్వరలో శుభకార్యమున్నదా అని వ్రాసికొనవలెను. ఇరువది దినముల తరువాత, "అక్కా, మీ గోళ్లు ఎట్లున్నవి? రంగు ఊడలేదు గదా?" అని ఫోనులో పలుకరించుట యాచన కాదు. చేసిన పనిని విచారించుట. ఇందుకు సిగ్గుపడువారు మొదట చాలమంది. రెండు మూడుమార్లు చేసిన తరువాత ఆ సిగ్గు పోవును. పెండ్లికూతురు చేతికి వేసిన చిత్రమును, ఆమె అనుమతితోనే, ఫోటో తీసి తెలిసినవారికి వాట్సాప్‌లో పంపుట బోర్డుకంటె ఎక్కువ పని చేయును. అనుమతి లేకుండ పంపరాదు. ఒక్క తగవు చాలును, పది ఇండ్లు దూరమగుటకు.

ఖాళీ వేళలను గురించి ఒక మాట. బేరము లేదని పదకొండు గంటలకు తెరచి మూడింటికే మూయుట అలవాటగును. ఒక దినము ఎవరో వచ్చి తాళము చూచి పోవుదురు; వారు మరల రారు. ఎంతమంది వచ్చినను రాకపోయినను తెరచు వేళ, మూయు వేళ మార్పరాదు. ఖాళీగా నున్న గంటను సాధనకు వినియోగించినచో ఆ గంట బరువుగా తోచదు. ప్లాస్టిక్ గోళ్లు చవుకగా దొరకును. వానిపై నిత్యము ఒక చిత్రమును వేసి, అట్టపై అంటించి గోడకు తగిలింపవచ్చును. ఒక నెలకు అట్ట నిండును. చూడవచ్చినవారికి అది నమూనా, ఆమెకు తాను నెల వ్యర్థము చేయలేదను నిదర్శనము.

ధర తగ్గించుటవలన బేరములు వచ్చునని క్రొత్తవారందరును తలంతురు. ధర చూచి వచ్చినవారు, ఎదుటివీధిలో పది రూపాయలు తగ్గినప్పుడు అచటికి పోవుదురు. తగ్గింపు ఇవ్వదలచినచో మొదటిమారు వచ్చినవారికి గాక, మూడవమారు వచ్చినవారికి ఇచ్చుట మేలు. రంగు, దూది, ద్రావకము, కరెంటు, అద్దె ఇవి లెక్కగట్టి, దానిపై తన గంటకు కూలి కలిపి ధర నిర్ణయింపవలెను. తన గంటకు కూలి కలుపని స్త్రీలే ఎక్కువ. అరువు మాత్రము పెట్టరాదు. అరువున్న స్త్రీ బాకీ తీర్చవలసివచ్చునని ఆ వీధినే రాదు. డబ్బును వాడుకయు రెండును పోవును.

వియత్నాం స్త్రీల ఉదాహరణము

ఈ వృత్తిలో ఏమియు లేని స్థితినుండి నిలద్రొక్కుకొనినవారి వృత్తాంతమొకటి ప్రపంచ ప్రసిద్ధము. 1975 ఏప్రిల్ 30న సైగాన్ నగరము పతనమైన తరువాత వియత్నాంనుండి వేలకొలది కుటుంబములు అమెరికాకు శరణార్థులై చేరినవి. కాలిఫోర్నియాలో శాక్రమెంటో సమీపమున వెయిమార్ అనుచోట "హోప్ విలేజ్" అను శిబిరము వెలసినది. అచటికి సహాయమునకై వచ్చుచుండిన సినిమా నటి టిప్పి హెడ్రెన్ గోళ్లను చూచి శిబిరములోని స్త్రీలు ముచ్చటపడిరి. వారికేదైన జీవనోపాధి చూపవలెనని ఆమె ఆలోచించుచుండిన సమయమది. తన గోళ్ల పని చేయు నిపుణురాలిని ఆమె శిబిరమునకు పిలిపించి నేర్పించినది. ఒక స్థానిక సౌందర్య శిక్షణాలయమును కూడ ఒప్పించినది. అట్లు 20 మంది స్త్రీలు పని నేర్చి, పరీక్షలో ఉత్తీర్ణులై, అనుమతి పత్రములు పొందిరి. వారికి ఆ దేశపు భాషయే సరిగా రాదు.

నేడు అమెరికాలో గోళ్ల పని చేయువారిలో సగముకంటె ఎక్కువమంది వియత్నాం సంతతివారు. ఇది ఆ ఇరువదిమంది నైపుణ్యమువలన మాత్రమే జరుగలేదు. ఒకరు కుదురుకొనిన చోటికి మరొకరిని పిలిచిరి. చెల్లెలికి అక్క, కోడలికి అత్త పని నేర్పిరి. పని తక్కువైనప్పుడు ఒకరి దుకాణములో మరొకరు కూర్చుండిరి. అనగా తొలి నెలలలో ఖాళీ కుర్చీ ఎదుట ఒంటరిగా మిగిలినవారు తక్కువ. మన గ్రామములనుండి శిక్షణకు ఒక్కొక్కరిని విడివిడిగా పంపుటకంటె, దగ్గర గ్రామములవారిని ఇద్దరిద్దరిని పంపుట ఇందువలననే మంచిది. ఒక గది, ఒక దీపము, ఒక అద్దె, ఇద్దరు మనుష్యులు. ఒకరికి పనియుండగా ఒకరు ఇంటికి పోవచ్చును; ఒకరు దిగులుపడిన దినమున మరొకరు తలుపు తెరువవచ్చును.

ఆ వృత్తాంతములో రెండవ భాగము కూడ చెప్పవలెను. దుకాణములు పెరిగినకొలది పోటీ పెరిగి ధరలు బాగుగా పడిపోయినవి. మూసిన గదులలో దీర్ఘకాలము ద్రావకముల నడుమ పనిచేసిన స్త్రీల ఆరోగ్యమును గురించి ఆందోళన బయలుదేరినది. ఆ స్త్రీల ఆరోగ్యరక్షణ కొరకు కాలిఫోర్నియాలో 2005లో ఒక సమాఖ్యయే ఏర్పడినది.

గదిలో గాలి

ఆరోగ్యమునకును ఉత్సాహమునకును గల సంబంధమును మనవారు తగినంతగా గమనించుటలేదు. మధ్యాహ్నము మూడింటికే తలనొప్పి, కండ్ల మంట, వికారము. ఇంటికి వచ్చి మాటాడదు. "దానికి ఆ పనిమీద మనసు లేదు" అని ఇంటివారు నిర్ణయింతురు. అసలు కారణము కిటికీ లేని గది కావచ్చును. రంగును తుడుచుటకు వాడు ఎసిటోన్, కృత్రిమ గోళ్లకు వాడు ద్రవములు ఆవిరియై గాలిలో కలియును. గోటిని అరగదీయునప్పుడు సన్నని పొడి లేచును. ఎదురెదురుగా గాలి వచ్చి పోవు మార్గముండవలెను. సీసాలకు మూతలు పెట్టవలెను. తుడిచిన దూదిని మూతగల డబ్బాలో వేయవలెను. అరగదీయునప్పుడు ముక్కునకు మాస్కు కట్టవలెను. ఎసిటోన్ సులువుగా అంటుకొనును. కావున అగరువత్తి, పొయ్యి దాని దరిదాపులకు రాకూడదు. ఉదయము దుకాణము తెరచి దేవుని పటము ముందు దీపము వెలిగించు ఆచారము మనకున్నది. దానికి బల్లకు దూరముగా చోటు చూపవలెను.

చవుకకు ఆశపడి పేరు లేని సీసాలు కొనరాదు. మిథైల్ మెథాక్రిలేట్ అను ద్రవముతో చేసిన కృత్రిమ గోళ్ల సామగ్రివలన గోళ్లు, చర్మము దెబ్బతినుటచే 1970 తరువాతి సంవత్సరములలోనే అమెరికా ప్రభుత్వము దానిపై చర్య తీసికొనినది. కొన్ని జెల్ రంగులలో వాడు టి.పి.ఓ. అను పదార్థమును ఐరోపా సమాఖ్య 2025 సెప్టెంబరు 1 నుండి నిషేధించినది. జెల్ గట్టిపడకముందు చర్మమునకు తగిలినచో కొందరికి దద్దురు పుట్టును; ఒకమారు పుట్టినచో జీవితాంతము ఆ పదార్థము సరిపడకపోవచ్చును. పనిచేయు స్త్రీకి ఇది కలిగినచో వృత్తియే పోవును. చీటీ చదివి కొనుట, చర్మమునకు అంటకుండ వేయుట ఆమె స్వంత రక్షణకే.

ఒకరికి వాడిన పనిముట్లను కడిగి, మందునీటిలో తగినంత సేపు ఉంచి గాని మరొకరికి వాడరాదు. గోరుచుట్టు వేసినవారికి, గోరు పసుపుబారి పెళుసైనవారికి, గోటిక్రింద క్రొత్తగా నల్లని చార కనబడినవారికి రంగు వేసి కప్పిపుచ్చరాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పొమ్మని చెప్పవలెను. చక్కెర వ్యాధిగలవారి పాదములను కత్తిరించుటలోను, గీకుటలోను మిక్కిలి జాగ్రత్త అవసరము. ఇట్లు చెప్పినందువలన ఆనాటి బేరము పోవును. కాని "నాకు రంగు వేయక, డాక్టరు దగ్గరకు పొమ్మన్నది" అని ఆ స్త్రీ నలుగురితో చెప్పును.

పంచాయతీ చేయదగినది

మొదటిది చెప్పుటకు కొంత మొగమాటముగా నున్నది. సర్పంచిగారి ఇంటివారు, వార్డు సభ్యుల ఇంటివారు వచ్చి పని చేయించుకొని, "మన అమ్మాయే గదా" అని వెల ఇవ్వక పోవుట కలదు. ఒకరు అట్లు చేసినచో వీధి అంతయు అట్లే చేయును. పంచాయతీ సభ్యులు ఆమెకు చేయగలిగిన మొదటి సహాయము పూర్తి వెల చెల్లించుట. అదియు నలుగురు చూచుచుండగా.

గ్రామములోనే పెట్టదలచినచో పంచాయతీకి చెందిన ఖాళీ గది యేదైన నిబంధనల ప్రకారము అద్దెకు ఇవ్వవచ్చునేమో పరిశీలింపవలెను. అవసరమైన అనుమతి పత్రమును ఆమె పదిమార్లు తిరుగకుండ ఇప్పింపవచ్చును. సాయంకాలము పనిచేయు దుకాణమునకు ముందు వీథిదీపము వెలుగునట్లు చూచుట పంచాయతీ చేతిలోని పనియే. స్త్రీలు వచ్చిపోవుచోట ఎదురుగా గుంపుచేరి వ్యాఖ్యలు చేయువారిని మందలించుట కూడ అంతే. రెండు తెలుగు రాష్ట్రములలోను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలవి. ఈ విషయములో మహిళా సభ్యుల మాటకు విలువ ఎక్కువ.

శిక్షణను గురించి: గ్రామీణ యువతకు బ్యాంకుల ఆధ్వర్యమున స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు జిల్లాలలో ఉన్నవి. ఇట్టి సంస్థలలో మొదటిది 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ప్రారంభమైనది. వసతి, భోజనము ఉచితము. శిక్షణ ముగిసిన తరువాత రెండు సంవత్సరములపాటు అభ్యర్థి యోగక్షేమములు విచారించి సలహా ఇచ్చుట ఆ సంస్థల విధులలో ఒకటి. ఇది మన గ్రామములలో చాలమందికి తెలియదు. దుకాణము మూయదలచిన యువతిని, మూయకముందు ఒకమారు ఆ సంస్థవారితో మాటాడించుట సభ్యుల పని. పెట్టుబడికై 2015లో ఆరంభమైన ముద్ర పథకము క్రింద శిశు తరగతిలో 50 వేల రూపాయలవరకు హామీ లేకుండ రుణము దొరకును. అయితే దొరకును గదా యని మొత్తము తీసికొనరాదు. తొలి ఆరునెలల అద్దె చేతిలో ఉంచుకొని, దీపము, పనిముట్లు, పది రంగులతో ఆరంభించినచో కంతు భయము తక్కువ. రాత్రి నిద్రపట్టని అప్పు పగటి ఓపికను తినివేయును.

తొలి సంవత్సరము ఈ పని ఒక్కదానిపైనే ఆధారపడుట కష్టము. కుట్టుమిషను ఉన్నవారు ఉదయము జాకెట్లు కుట్టి, మధ్యాహ్నమునుండి గోళ్ల పని చూచుకొనవచ్చును. గాజుల దుకాణము, చీరల దుకాణము, పూలు కట్టువారు, ఫోటోగ్రాఫరు, వీరందరి వద్దకును పెండ్లివారే పోవుదురు. వారితో పరిచయము పెంచుకొనినచో ఒకరి బేరము మరొకరికి తోడగును. పూర్వమునుండి క్షౌరవృత్తిలోనున్న కుటుంబములవారితో పోటీ పడనక్కరలేదు. ఆ ఇండ్ల ఆడపిల్లలే ఈ పని నేర్చుట ఇంకను సులువు.

ఇంటివారికి సభ్యులు చెప్పదగిన మాట ఒకటే. సాయంకాలము ఆమె గుమ్మములో అడుగు పెట్టగానే "ఇవాళ ఎంత వచ్చింది?" అని అడుగుట మానవలెను. నిజముగా ఏమియు రాని దినమున ఆ ప్రశ్న గోరుచుట్టుపై రోకటిపోటు. "ఇవాళ మళ్లీ వచ్చినవాళ్లు ఎవరమ్మా?" అని అడుగవచ్చును. ఆ ప్రశ్నకు వారమునకు ఒకమారైన ఆమెవద్ద సమాధానముండును.

అన్నియు చేసినను కొన్నిచోట్ల వృత్తి నిలువదు. దీనిని దాచనవసరము లేదు. ఎనిమిది తొమ్మిది నెలలు గడచినను రెండవ గడిలోని సంఖ్య పెరుగనిచో, అద్దె కట్టుచు కూర్చుండరాదు. అప్పుడు మొదట చూడవలసినది చోటు, తరువాత ధర, ఆ తరువాత పని. చోటు సరికానిచో గది విడిచి, సామగ్రిని పెట్టెలో సర్దుకొని ఊళ్లకే పోవచ్చును. ఒక మడత బల్ల, రెండు పీటలు, బ్యాటరీతో వెలుగు చిన్న దీపము, మూతగల డబ్బా, పది రంగులు చాలును. సోమవారము ఒక ఊరు, సంత దినమున ఒక ఊరు, శ్రావణమాసములో ముందుగా చెప్పించుకొనిన ఇండ్లు. అట్లు తిరుగునప్పుడు ఫలానా దినమున మహిళా సంఘపు భవనపు వరండాలో కూర్చుండుటకు అనుమతి యడుగుచు ఆమె మీ పంచాయతీకి దరఖాస్తు పెట్టును. ఆ దరఖాస్తును తదుపరి సమావేశమువరకు ఆపనక్కరలేదు.